‘అయిందా?’ అంటున్నారా, ‘ఎప్పుడు?’ అంటున్నారా

ప్రశ్న: మేడం గారూ, మాది చీమకుర్తి. ఒంగోలులో బి.కాం. చదివి, ఇక్కడే ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో డాక్యుమెంట్ల పని చూస్తున్నాను. బయటి దేశాల కొనుగోలుదార్లకు మెయిళ్ళు రాసేది నేనే. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మొన్న ‘ఐ హ్యావ్ సెంట్ ది డాక్యుమెంట్స్ యెస్టర్డే’ అని రాస్తే మా మేనేజర్ గారు తప్పన్నారు. ‘హ్యాడ్ సెంట్’ అని మార్చాను. అదీ తప్పేనన్నారు. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఇప్పుడు ‘హ్యావ్’ కనపడితేనే టెన్షన్. దీనికి తోడు ఫోన్లో అవతలివాళ్ళు ‘లెట్స్ టచ్ బేస్ ఆన్ ఫ్రైడే’, ‘గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్’ అంటుంటే అర్థంకాక ‘ఎస్ సర్’ అని నెట్టుకొస్తున్నాను. పన్నెండు టెన్సుల పట్టిక మళ్ళీ మొదటి నుంచి బట్టీ పట్టాలా? స్నేహితురాలు వెయ్యి ఇడియమ్స్ ఉన్న పీడీఎఫ్ పంపింది, రోజుకు పది నేర్చుకోనా? ఇంట్లోవాళ్ళేమో ఒంగోలులో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయ్, పట్టిక జోలికి పోవద్దు. ‘నువ్వు’ అంటున్నానని ఏమీ అనుకోకు, నెల్లూరులో పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి ఈ నోటికి అదే అలవాటైంది. పన్నెండు టెన్సులూ నీకు వచ్చు. గో, వెంట్, గాన్ అని నిద్రలో లేపి అడిగినా చెప్తావు. నీకు రానిది వాటిలో ఏది ఎప్పుడు వాడాలన్నది. ఆ సంగతి పట్టికలో ఉండదు.

ముందు నీ వాక్యం చూద్దాం. ‘హ్యావ్ సెంట్’ అన్నావంటే పని అయిపోయింది, కాగితాలు ఇప్పుడు నా దగ్గర లేవు, దారిలో ఉన్నాయి అని ఇప్పటి పరిస్థితి చెబుతున్నావు. ‘యెస్టర్డే’ అన్నావంటే ముగిసిపోయిన ఒక రోజును పట్టుకున్నావు. ఇంగ్లీషు ఈ రెంటినీ ఒకే వాక్యంలో ఇమడనివ్వదు. నిన్న, పోయిన వారం, 2019లో, పదింటికి... ఇట్లా అయిపోయిన వేళను పేరు పెట్టి చెప్పావంటే ‘హ్యావ్’ ఎగిరిపోవాలి. ‘ఐ సెంట్ ది డాక్యుమెంట్స్ యెస్టర్డే.’ అంతే.

మనకు ఇది ఎందుకు తట్టదంటే, తెలుగులో ‘పంపాను’ ఒక్కటే రెండు పనులూ చేసేస్తుంది. ‘నిన్న పంపాను’ అన్నా అదే, ‘పంపాను, చూసుకోండి’ అన్నా అదే. కాబట్టి తెలుగు వాక్యాన్ని మనసులో అనుకుని దాన్ని ఇంగ్లీషులోకి మార్చబోతే ఏ టెన్స్ కావాలో నీకు ఎవరూ చెప్పరు. అవతలివాళ్ళ ప్రశ్న విను. వాళ్ళు అడిగేది ‘అయిందా?’ అనా, ‘ఎప్పుడైంది?’ అనా? ‘కాగితాలు పంపావా?’ అంటే వాళ్ళకు కావలసింది అయిందో లేదో. ‘ఎస్, ఐ హ్యావ్ సెంట్ దెమ్.’ ‘ఎప్పుడు పంపావు?’ అంటే ‘ఐ సెంట్ దెమ్ యెస్టర్డే.’ వాళ్ళు అడగకపోయినా, నీ మెయిల్ చదివేవాడి మనసులో ఈ రెంటిలో ఏ ప్రశ్న ఉంటుందో ఊహించుకో. నూటికి తొంభై సార్లు దీంతో గడిచిపోతుంది.

రెండూ చెప్పాల్సి వస్తే రెండు వాక్యాలు రాయి. ‘వి హ్యావ్ సెంట్ ది డాక్యుమెంట్స్. ది కొరియర్ పిక్డ్ దెమ్ అప్ యెస్టర్డే.’ మొదట కబురు, తర్వాత వివరం. ఇంగ్లీషు వార్తలు చదివేవాళ్ళు కూడా ఇదే పద్ధతి. కావలి దగ్గర హైవే మీద లారీ బోల్తా పడిందనుకో, ‘ఎ లారీ హ్యాజ్ ఓవర్‌టర్న్డ్ నియర్ కావలి’ అని మొదలుపెడతారు. ఎన్నింటికి పడింది, డ్రైవర్ ఏమయ్యాడు అన్నదగ్గరికి వచ్చేసరికి ‘హ్యాజ్’ మాయమైపోయి అంతా సింపుల్ పాస్ట్‌లోకి దిగుతుంది. ఈ రోజు నుంచి టీవీలో ఇంగ్లీషు వార్తల మొదటి రెండు వాక్యాలు మాత్రం విను, చాలు.

ఒక చిన్న మెలిక ఉంది. ‘దిస్ మార్నింగ్’ అనే మాట. పొద్దున పదకొండింటికి మెయిల్ రాస్తూ ‘ఐ హ్యావ్ కాల్డ్ హిమ్ ట్వైస్ దిస్ మార్నింగ్’ అనొచ్చు, పొద్దు ఇంకా అయిపోలేదు కాబట్టి. అదే సాయంత్రం నాలుగింటికి రాస్తే ‘ఐ కాల్డ్ హిమ్ ట్వైస్ దిస్ మార్నింగ్’ అనాలి. మాట అదే, గడియారం మారింది.

ఇక నీ ఆఫీసులో రోజూ పనికొచ్చేది ఇంకోటి. మీ ఓనరు గారి కోసం ఎవరో ఫోన్ చేశారు. ఆయన చెన్నై వెళ్ళి ఇంకా రాలేదు. ‘హి హ్యాజ్ గాన్ టు చెన్నై.’ వెళ్ళి తిరిగి వచ్చేసి ఉంటే ‘హి హ్యాజ్ బీన్ టు చెన్నై.’ మనం ‘వెళ్ళాడు’, ‘వెళ్ళొచ్చాడు’ అని ఎంత సులువుగా విడదీస్తామో చూడు, ఇక్కడ తెలుగే నీకు దారి చూపిస్తుంది. ఆయన చెన్నై పోర్టులో ఉండగా నువ్వు ‘హ్యాజ్ బీన్’ అన్నావనుకో, అవతలివాడు ‘అయితే ఒకసారి ఫోన్ ఇవ్వండి’ అంటాడు.

మన రెండు జిల్లాల్లో అందరి నోటా వినపడే తప్పు మాత్రం వేరే. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్.’ మనం ‘రెండేళ్ళుగా పనిచేస్తున్నాను’ అంటాం, అందులో ‘చేస్తున్నాను’ ఉంది కాబట్టి ‘ఐ యామ్ వర్కింగ్’ అని చేయి దానంతట అదే రాసేస్తుంది. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషులో ‘హ్యావ్ బీన్’ కావాలి. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్.’ ఎంత కాలమో చెబితే ‘ఫర్’, ఎప్పటి నుంచో చెబితే ‘సిన్స్’. ‘ఫర్ టూ ఇయర్స్’, ‘సిన్స్ మండే’. దీన్ని పొరపాటున ‘ఐ వర్క్‌డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అని రాశావా, ఉద్యోగం మానేశావని అర్థం. రేపు ఇంకో చోట ఇంటర్వ్యూకి వెళ్తే ఈ తేడా నీ కొంప ముంచుతుంది, జాగ్రత్త.

మీలాంటి ఆఫీసుల్లో ఎక్కువ అవసరపడే వాక్యం కూడా ఈ కోవలోదే. ‘వి హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ ది ఎల్.సి. సిన్స్ మండే.’ (ఎల్.సి. అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, కొనుగోలుదారు బ్యాంకు డబ్బుకు ఇచ్చే హామీ పత్రం.) ‘వి ఆర్ వెయిటింగ్’ అంటే ఎదురుచూస్తున్నామన్న సంగతి ఒక్కటే తెలుస్తుంది. ‘హ్యావ్ బీన్ వెయిటింగ్ సిన్స్ మండే’ అంటే సోమవారం నుంచి మా బ్లాకులు యార్డులో పడి ఉన్నాయి నాయనా అని మర్యాదగా గుర్తుచేసినట్టు. పని పూర్తయి లెక్క చెప్పేటప్పుడు మాత్రం ‘బీన్’ వద్దు. ‘వి హ్యావ్ లోడెడ్ సిక్స్ కంటైనర్స్.’

ఇప్పుడు ‘హ్యాడ్’. మీ మేనేజర్ గారు దీన్నీ కొట్టేశారన్నావు. కొట్టేయాల్సిందే. మనవాళ్ళలో చాలామందికి ‘హ్యాడ్’ అంటే మరీ పాత సంగతికి వాడేదనో, కాస్త మర్యాదైన పాస్ట్ టెన్స్ అనో ఒక నమ్మకం. ‘ఐ హ్యాడ్ గాన్ టు నెల్లూర్ యెస్టర్డే’ అంటారు. విన్నవాడు ఇంకా చెవి అప్పగించే ఉంటాడు, ఆ తర్వాత ఏం జరిగిందో చెబుతావని. ఎందుకంటే జరిగిపోయిన సంగతులు రెండు ఉండి, వాటిలో ముందు జరిగినదేదో చెప్పడానికే ‘హ్యాడ్’. ఒక్క సంగతే ఉంటే దానికి పని లేదు. ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ లాంటి మాట వాక్యంలో ఉంటే ఏది ముందో అదే చెప్పేస్తుంది, అప్పుడు కూడా చాలాసార్లు ‘హ్యాడ్’ లేకుండానే నడుస్తుంది.

అట్లా అని దాన్ని తేలిగ్గా తీసుకోకు. రాళ్ళ వ్యాపారంలో ఈ చిన్న మాట మీద డబ్బు ఆధారపడే సందర్భం ఒకటుంది. మీ ఊరి నల్ల గ్రానైట్ బ్లాక్ గెలాక్సీ స్లాబులు, అంటే కోసిన పలకలు, కంటైనర్లో వెళ్ళాయి. అక్కడ సరుకు ఎట్లా చేరిందో తనిఖీ చేసే సర్వేయర్ తలుపు తీశాడు, మూడు స్లాబులు పగిలి ఉన్నాయి. ఇప్పుడు రిపోర్టులో ‘వెన్ ది సర్వేయర్ ఓపెన్డ్ ది కంటైనర్, త్రీ స్లాబ్స్ హ్యాడ్ క్రాక్డ్’ అని ఉందనుకో, తలుపు తీసేసరికే అవి పగిలి ఉన్నాయి. అంటే ప్యాకింగులోనో, లారీలోనో, ఓడలోనో పగిలాయి. అదే ‘త్రీ స్లాబ్స్ క్రాక్డ్’ అని ఉందనుకో, తలుపు తీసినప్పుడు పగిలాయి, అంటే దించుకునేవాళ్ళ చేతుల్లో. మొదటిదైతే వేలు మీ వైపో, రవాణా వాళ్ళ వైపో, బీమా వైపో తిరుగుతుంది. రెండోదైతే వాళ్ళ వైపు. మధ్యలో ఉన్నది ఒక్క ‘హ్యాడ్’. క్లెయిము మెయిల్ వచ్చినప్పుడు మొదట ఆ మాట ఉందా లేదా అని వెతుకు. నువ్వు జవాబు రాసేటప్పుడు, వాళ్ళు ఎట్లా రాశారో చూసుకోకుండా ఆ వాక్యాన్ని నీ సొంత మాటల్లోకి మార్చకు.

‘విల్ హ్యావ్’ గురించి ఎక్కువ చెప్పను. గడువు చెప్పేటప్పుడు వస్తుంది. ‘వి విల్ హ్యావ్ లోడెడ్ ఆల్ ది స్లాబ్స్ బై ఫ్రైడే.’ శుక్రవారం వచ్చేసరికి లోడింగ్ అయిపోయి ఉంటుందని మాట ఇచ్చినట్టు. లారీ సంగతి తేలకముందు ఆ వాక్యం రాయకు, ‘వి హోప్ టు’ అని రాసుకో.

ఇంకొక్క సంగతి, నీకు లేనిపోని అనుమానం రాకుండా. అమెరికా నుంచి వచ్చే మెయిళ్ళలో ‘డిడ్ యు గెట్ మై మెయిల్ యెట్?’, ‘ఐ ఆల్రెడీ పెయిడ్’ అని ఉంటుంది. బ్రిటిష్ పద్ధతిలో అక్కడ ‘హ్యావ్ యు గాట్’, ‘ఐ హ్యావ్ ఆల్రెడీ పెయిడ్’ అనాలని మనకు నేర్పారు. వాళ్ళు తప్పు రాయలేదు. ‘జస్ట్’, ‘ఆల్రెడీ’, ‘యెట్’ లాంటి మాటల దగ్గర అమెరికా వాళ్ళు సింపుల్ పాస్ట్ మామూలుగా వాడతారు. నువ్వు రెంటిలో ఏదైనా ఒకటి పట్టుకో, ఒకే మెయిల్లో రెండూ కలపకు.

ఇడియమ్స్ దగ్గరికి వచ్చే ముందు, టెన్స్ తప్పూ పలుకుబడి తప్పూ రెండూ ఒకే చోట కూర్చున్న వాక్యం ఒకటి చూపిస్తాను. మన పిల్లల రెజ్యూమెల్లో తరచూ ఉంటుంది. ‘ఐ హ్యావ్ పాస్డ్ అవుట్ ఇన్ 2019.’ సంవత్సరం చెప్పాక ‘హ్యావ్’ ఉండకూడదని ఇప్పుడు నీకు తెలుసు. ‘పాస్డ్ అవుట్’ అంటే మన దేశంలో చదువు ముగించడం. బయటివాళ్ళకు అది స్పృహ తప్పి పడిపోవడం. 2019లో కళ్ళు తిరిగి పడిపోయిన సంగతి ఉద్యోగం ఇచ్చేవాడికి ఎందుకు చెబుతున్నారో పాపం వాళ్ళకు అర్థం కాదు. ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019’ అని రాసుకోండి. అట్లాగే మన ఆఫీసుల్లో ‘ప్లీజ్ రివర్ట్’ అంటే జవాబివ్వమని. చాలా దేశాల్లో దానర్థం పాత స్థితికి తిరిగి వెళ్ళడం. ‘ప్లీజ్ రిప్లై’ అంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

నువ్వు ఫోన్లో విన్న రెండు మాటలూ అమెరికా వాళ్ళ బేస్‌బాల్ ఆటకు చెందినవి. ‘టచ్ బేస్’ అంటే ఒకసారి కాస్త మాట్లాడుకోవడం. ‘బాల్‌పార్క్ ఫిగర్’ అంటే ఉజ్జాయింపు ధర. ఇవి తెలియకపోవడం నామోషీ కాదు, ఆ ఆట మనం ఆడం. కానీ ‘ఎస్ సర్’ అనడం మాత్రం మానుకో. ఆయన ఉజ్జాయింపుగా ధర చెప్పమన్నాడు, నువ్వు సరేనన్నావు, చెప్పలేదు. ఆయన దృష్టిలో నువ్వు మాట తప్పినట్టు. అర్థం కానప్పుడు నీకు అర్థమైందనుకున్నది నీ మాటల్లో తిరిగి అడుగు. ‘డు యు మీన్ యాన్ అప్రాక్సిమేట్ ప్రైస్?’ ఔనంటే సరే, కాదంటే వాళ్ళే విడమరిచి చెబుతారు. అసలేమీ అందకపోతే ‘సారీ, వాట్ డు యు మీన్ బై దట్?’ అను. వ్యాపారం చేసేవాడు దీనికి ఎప్పుడూ చిన్నబుచ్చుకోడు.

వెయ్యి ఇడియమ్స్ జాబితా ఎందుకు వద్దంటున్నానంటే, అందులో సగం ఇప్పుడు ఎవరూ అనరు. వాన కురిస్తే కుక్కలూ పిల్లులూ పడ్డాయనే మాట ప్రతి జాబితాలోనూ ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళ నోట అది ఎంత అరుదుగా వస్తుందో గమనించినవాళ్ళకు తెలుస్తుంది. మిగతా సగం నీ పనిలో తగలవు. పైగా ఇడియమ్‌లో ఒక్క మాట అటూ ఇటూ అయినా పాడవుతుంది. మన ఊరికి కొత్తగా వచ్చినవాడెవరైనా ‘నీళ్ళు నమిలాడు’ అనబోయి ‘నీళ్ళు కొరికాడు’ అంటే మనకు అర్థమవుతుంది, నవ్వూ ఆగదు. అందుకే విన్నప్పుడు అర్థం చేసుకోవడానికి ఎన్ని తెలిసినా మంచిదే, నోటితో అనడానికి కొన్ని చాలు, రాయడానికి ఇంకా తక్కువ చాలు. మీ రాళ్ళు కొనేవాళ్ళలో చైనావాళ్ళున్నారు, ఇటలీవాళ్ళున్నారు. ఇంగ్లీషు వాళ్ళకూ సొంత భాష కాదు. నువ్వు రాసిన ఇడియమ్‌ను వాళ్ళు ఫోన్లో అనువాదం చేసుకుంటే ఏం వస్తుందో దేవుడికే తెలియాలి.

నేర్చుకునే పద్ధతి చెబుతాను. ఒక నోటుపుస్తకం పెట్టుకో. కొత్త మాట వినపడితే అర్థం ఒక్కటే రాయకు, ఆ వాక్యం మొత్తం రాయి, ఎవరన్నారు, ఏ సందర్భంలో అన్నారు అది కూడా. అదే మాట ఇంకొకరి నోట మళ్ళీ వినపడితే పక్కన టిక్కు పెట్టు. టిక్కు లేనిదాన్ని నువ్వు వాడొద్దు. నీ పనిలో తొందరగా టిక్కు పడేవి కొన్ని ఊహించగలను. ‘హెడ్స్ అప్’ అంటే ముందుగా చెప్పి ఉంచడం. ‘కీప్ మీ ఇన్ ది లూప్’ అంటే నాకూ తెలియజేస్తూ ఉండు అని. ‘బ్యాక్ టు స్క్వేర్ వన్’ అంటే కథ మళ్ళీ మొదటికి రావడం. ‘అప్ ఇన్ ది ఎయిర్’ అంటే ఇంకా తేలలేదు అని.

మీ ఊళ్ళో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది ‘కట్ కార్నర్స్’. కొనుగోలుదారు ‘ప్లీజ్ డోంట్ కట్ కార్నర్స్’ అని రాశాడని నువ్వు కటింగ్ మిషన్ దగ్గరికి పరిగెత్తి మూలలు కోయొద్దని చెప్పకు. ఖర్చు మిగులుతుందనో, తొందరగా అయిపోతుందనో పనిని పైపైన చేయొద్దని ఆయన హెచ్చరిస్తున్నాడు. కాస్త ఘాటైన మాటే. పోయినసారి సరుకులో ఏదో నచ్చలేదని అర్థం, మీ మేనేజర్ గారికి చూపించు.

ఇడియమ్స్ కంటే ముందు నీకు కావలసినవి ‘హెల్డ్ అప్’, ‘లుక్ ఇంటు’, ‘సార్ట్ అవుట్’ లాంటి జంట మాటలు. కంటైనర్ కస్టమ్స్‌లో ఆగిపోతే ‘హెల్డ్ అప్’. సంగతేంటో చూస్తామంటే ‘వి విల్ లుక్ ఇంటు ఇట్’. చిక్కు విడిపోతే ‘ఇట్ హ్యాజ్ బీన్ సార్టెడ్ అవుట్’. ఈ చిట్టచివరి దాంట్లో ‘హ్యాజ్’ ఎందుకు వచ్చిందో నీకిప్పుడు తెలిసి ఉండాలి. వీటిలో రెంటిని మాత్రం ఎప్పుడూ కలగాపులగం చేయకు. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు చేయడం. వాయిదా పడ్డ ఆర్డరును రద్దయిందనుకుని బ్లాకులు ఇంకొకరికి అమ్మేస్తే ఆ పంచాయతీ తెమిలేది కాదు.

ఖాళీ దొరికినప్పుడు నీ సెంట్ ఫోల్డర్ తెరిచి పాత మెయిళ్ళు కొన్ని చదువు. ‘హ్యావ్’, ‘హ్యాజ్’, ‘హ్యాడ్’ ఉన్నచోట ఆగి, పక్కన తేదీ గానీ రోజు గానీ ఉందేమో చూడు. ‘హ్యాడ్’ ఉంటే రెండో సంగతి ఎక్కడుందో వెతుకు. పాత తప్పులు దిద్ది మళ్ళీ పంపక్కర్లేదు, నీ చేయి ఏ తప్పుకు అలవాటు పడిందో నీకు తెలిస్తే చాలు.

కోర్సు సంగతి. చీమకుర్తి నుంచి ఒంగోలుకు రోజూ పోయి రావడం నీకు కుదిరేటట్టయితే చేరు, తప్పులేదు. నోరు తెరిచి మాట్లాడే అలవాటు ఇంట్లో ఒక్కదానివే కూర్చుంటే రాదు. అయితే ఫీజు కట్టకముందు ఒక క్లాసు కూర్చుని చూస్తానని అడుగు. వాళ్ళు బోర్డు మీద పన్నెండు టెన్సుల పట్టిక గీయడం మొదలుపెడితే మెల్లగా లేచి వచ్చేయి. ఎదుటివాడు తప్పులు మాట్లాడుతున్నా ఆపకుండా పూర్తిగా మాట్లాడనిచ్చి, తర్వాత దిద్దే మాస్టారు కనపడితే ఫీజు కట్టేయి.